ఇద్దరు కలిసి ఆడే ఫైటింగ్ గేమ్స్: ఏ గేమ్‌తో మొదలుపెట్టాలి, ఏ పద్ధతిలో నేర్చుకోవాలి?

విడివిడిగా బాగా ఆడే ఇద్దరిని పక్కపక్కన కూర్చోబెడితే మంచి జట్టు తయారవుతుందని చాలామంది అనుకుంటారు. తయారవదు. నేనూ మా తమ్ముడూ ఆ నమ్మకంతోనే కొన్ని నెలలు గడిపాం. ఇద్దరికీ వన్-వర్సెస్-వన్‌లో చెయ్యి తిరిగింది, కాంబోలు (ఆగకుండా గొలుసులా తగిలే వరస దెబ్బలు) వచ్చు, ఎదుటివాడి అలవాటు పట్టడం వచ్చు, అయినా టూ-వర్సెస్-టూకి వచ్చేసరికి ఆటలో మాకంటే తక్కువైన జోడీల చేతిలో వరసగా ఓడిపోయేవాళ్ళం. ఒక మ్యాచ్ మాత్రం నాకు ఇప్పటికీ గుర్తుంది. స్మాష్ బ్రదర్స్ అల్టిమేట్, చివరి స్టాక్‌లు, అంటే ఆఖరి ప్రాణాలు. తమ్ముడు ఎదుటి జట్టులో ఒకణ్ణి గాల్లో పట్టి కాంబో వేస్తున్నాడు, ఇంకో రెండు దెబ్బలు పడితే వాడు అయిపోయేవాడు. నేను అవతలి మూల నుంచి చూసి, ఇదే అదను అనుకుని పరుగెత్తుకొచ్చి బలంగా ఒక స్మాష్ ఎటాక్ వేశాను. అది తగిలింది మా తమ్ముడికి. వాడు స్టేజ్ దాటి ఎగిరిపోయి ఔటయ్యాడు, కాంబోలో ఇరుక్కున్నవాడు హాయిగా కిందికి దిగాడు. తమ్ముడు కంట్రోలర్ పక్కన పెట్టి, "అక్కా, వాడు నా చేతిలోనే ఉన్నాడు కదా" అన్నాడు, అంతే. కోపంగా కూడా అనలేదు.

ఆ మాటలోంచే మాకు అసలు ప్రశ్న దొరికింది. ఏ క్షణాన ఎదుటివాడు ఎవరి చేతిలో ఉన్నాడు, రెండోవాళ్ళు ఆ క్షణంలో ఏం చెయ్యాలి? టూ-వర్సెస్-టూ అంటే మొత్తం ఇదే. కాకపోతే ఈ ప్రశ్నకి ఒక్కో గేమ్ ఒక్కో జవాబు అడుగుతుంది. అందుకే "టీమ్‌వర్క్ నేర్చుకోవాలి, ఏ గేమ్ ఆడమంటారు" అని ఎవరైనా అడిగితే నేను ముందు గేమ్ పేరు చెప్పను, మీ ఇద్దరూ ఆ గేమ్‌లో ఏం పంచుకుంటారో చూసుకోమంటాను. కొన్నిట్లో స్థలం పంచుకుంటారు, నలుగురూ ఒకే తెర మీద ఒకేసారి ఉంటారు. కొన్నిట్లో వంతు పంచుకుంటారు, ఒకరు ఆడుతుంటే ఇంకొకరు బయట ఆగుతారు. ఇంకొన్నిట్లో ప్రాణం పంచుకుంటారు, ఇద్దరికీ కలిపి ఒకటే గేజ్ (ఎంత మిగిలిందో చూపించే కొలత). మీ జోడీకి ఏది సరిపడుతుందో ఆ తేడాను బట్టి తేలుతుంది, ఏ క్యారెక్టర్ బలంగా ఉంది అనేది దాని తర్వాతే.

స్థలం పంచుకునేవి: స్మాష్, బ్రాల్‌హల్లా

ఈ రకంలో మొదట చెప్పుకోవాల్సింది స్మాష్ బ్రదర్స్. 2001లో వచ్చిన మెలీ అయినా, 2018లో వచ్చిన అల్టిమేట్ అయినా, టోర్నమెంట్లలో డబుల్స్ ఆడేది టీమ్ ఎటాక్ ఆన్ చేసి. అంటే మీ దెబ్బ మీ జోడీకి, అంటే మీ పక్కన ఆడే మనిషికి కూడా తగులుతుంది. కొత్తవాళ్ళకి ఇది శిక్షలా అనిపిస్తుంది, నేనూ మొదట్లో ఆఫ్ చేసి ఆడదామన్నాను. ఇప్పుడు మాత్రం చెప్తున్నా, టీమ్‌వర్క్ నేర్చుకోవడమే మీ ఉద్దేశమైతే మొదటి రోజు నుంచీ ఆన్‌లోనే ఆడండి. ఆఫ్‌లో ఉంటే ఇద్దరూ ఒకణ్ణి చుట్టుముట్టి బటన్లన్నీ నొక్కేయడమే సరైన ఆట అయిపోతుంది, అలా అలవాటైన చేతుల్ని తర్వాత మార్చుకోవడం చాలా కష్టం.

పైగా సొంత జట్టువాణ్ణి కొట్టగలగడం ఒక ఆయుధం. స్టేజ్ బయట పడిపోతున్న జోడీ పైకి రావడానికి వాడే మూవ్ అప్పటికే ఖర్చయిపోయిందనుకోండి, ఇక నిస్సహాయంగా కిందికి జారడమే. ఆ సమయంలో మీరు వెళ్ళి చిన్న దెబ్బ ఒకటి వేస్తే, దెబ్బ తిన్నందుకు ఆ మూవ్ మళ్ళీ చేతికొస్తుంది, వాడు తిరిగి స్టేజ్ ఎక్కుతాడు. మొదటిసారి మా తమ్ముడు నన్ను అలా కొట్టి బతికించినప్పుడు నాకు నిజంగా ఒళ్ళు పులకరించింది. అలాగే జోడీ ఎదుటివాడి కాంబోలో చిక్కుకుని బయటపడలేకపోతుంటే, కొట్టేవాణ్ణి అందుకోలేని పక్షంలో మీ జోడీనే తేలికపాటి దెబ్బతో పక్కకి నెట్టేయొచ్చు. మిస్టర్ గేమ్ అండ్ వాచ్ అనే పాత్ర బకెట్‌లో, శామస్ అనే పాత్రతో జోడీ వేసిన చార్జ్ షాట్‌ని పట్టుకుని, బకెట్ నిండాక అది మొత్తం ఎదుటివాళ్ళ మీద కుమ్మరించడం లాంటి ఎత్తులు కూడా ఈ నియమం వల్లే పుట్టాయి.

స్టాక్ పంచుకోవడం ఇంకో ముఖ్యమైన విషయం. మీ స్టాక్‌లు అయిపోయి బయటికి వెళ్ళాక, జోడీ దగ్గర ఒకటి కంటే ఎక్కువ మిగిలి ఉంటే అందులోంచి ఒకటి తీసుకుని మళ్ళీ దిగొచ్చు. తీసుకోవాలా, ఎప్పుడు తీసుకోవాలి అన్నది ఇద్దరూ ముందే మాట్లాడుకోవాలి. వాడు ఒంటరిగా ఇద్దరి మధ్య నలిగిపోతుంటే వెంటనే దిగాలి. ఒకవేళ వాడే ఒకణ్ణి గట్టిగా దెబ్బతీస్తూ ఊపు మీద ఉంటే, మీరు దిగేది ఎక్కడ, ఆ దిగడం వాడి కాంబోకి అడ్డం పడుతుందా అని ఒక్క క్షణం చూడాలి. చాలా జోడీలు దీన్ని అలవాటుగా కంగారులో నొక్కేస్తాయి.

అల్టిమేట్‌లో వన్-వర్సెస్-వన్ నుంచి వచ్చేవాళ్ళు తెలుసుకోవాల్సింది ఒకటి ఉంది. ఐటమ్స్ లేకుండా ఇద్దరే ఆడేటప్పుడు ఆ గేమ్ డ్యామేజ్‌ని 1.2 రెట్లు చేస్తుంది, నలుగురు ఉన్నప్పుడు చెయ్యదు. కాబట్టి సింగిల్స్‌లో మూడు కాంబోలకి చచ్చేవాడు డబుల్స్‌లో ఇంకా బతికే ఉంటాడు, ఫలానా పర్సెంట్‌లో (అప్పటిదాకా తిన్న దెబ్బల లెక్క) ఫలానా మూవ్ చంపుతుంది అని మీరు కంఠతా పట్టిన లెక్కలు కొంచెం పక్కకి జరుగుతాయి. మా చెయ్యి ఎందుకు తేలిపోతోందో అర్థంకాక చాలాకాలం తలపట్టుకున్నాం, చివరికి కారణాల్లో ఇది ఒకటని తేలింది.

ఇక బ్రాల్‌హల్లా. 2017లో పూర్తిగా విడుదలైంది, ఉచితం, కంప్యూటర్, కన్సోల్, ఫోన్ ఏది ఉన్నా ఒకరితో ఒకరు ఆడొచ్చు. మీ ఇద్దరి దగ్గర వేర్వేరు పరికరాలు ఉంటే ఆ ఒక్క కారణంతో ఇదే ఎంచుకోవచ్చు. ఇందులో షీల్డ్ అనేదే లేదు, తప్పించుకోవాలంటే డాడ్జ్ ఒక్కటే దారి, అది వాడాక మళ్ళీ వాడటానికి కొంత సమయం ఆగాలి. టూ-వర్సెస్-టూలో మొత్తం ఆట ఈ ఒక్క విషయం చుట్టూ తిరుగుతుంది. ఒకరు దెబ్బ వేయబోయినట్టు నటించి డాడ్జ్ ఖర్చు చేయిస్తారు, రెండోవాళ్ళు అప్పటిదాకా ఆగి అప్పుడు కొడతారు. ఇదొక్కటి కుదిరితే చాలు, కింది స్థాయి ర్యాంకుల్లో సగం మ్యాచ్‌లు మీవే. ఇంకోటి ఏంటంటే ఆయుధాలు పైనుంచి పడతాయి, అవి అందరికీ కలిపి. జోడీ చేతిలో ఆయుధం లేనప్పుడు పడినదాన్ని వదిలిపెట్టడం, ఎదుటివాడి చేతిలో లేనప్పుడు అది వాడికి అందకుండా మీరే లాక్కోవడం, ఇవన్నీ చూడటానికి చిన్న పనులు, నాకైతే జోడీ గురించి ఆలోచించడం అలవాటు చేసింది ఇవే.

బ్రాల్‌హల్లా ర్యాంక్డ్ టూ-వర్సెస్-టూలో రేటింగ్ మనిషికి కాదు, ఆ జోడీకి ఉంటుంది. ఫలానావాళ్ళతో ఆడితే ఒక రేటింగ్, ఇంకొకరితో ఆడితే మళ్ళీ వేరే. నేర్చుకునేవాళ్ళకి ఇది చాలా మంచి ఏర్పాటు, ఎందుకంటే మీ ఇద్దరూ కలిసి ఎంత ఎదిగారో ఆ అంకెలో కనిపిస్తుంది.

రెంటిలో ఏది? ఒకే గదిలో ఒకే తెర ముందు కూర్చోగలిగే ఇద్దరైతే స్మాష్. వేర్వేరు ఊళ్ళలో ఉంటే బ్రాల్‌హల్లా, ఇందులో నాకు సందేహం లేదు. అల్టిమేట్ ఆన్‌లైన్ డిలే పద్ధతి మీద నడుస్తుంది, నలుగురిలో ఒక్కడి ఇంటర్నెట్ సరిగ్గా లేకపోయినా అందరి బటన్లూ ఆలస్యమవుతాయి. అలాంటి చోట జోడీతో టైమింగ్ నేర్చుకోవడం అంటే ఇసుకలో గోడ కట్టడమే. మెలీ ఆడేవాళ్ళకి మాత్రం స్లిప్పీ అనే ప్రోగ్రామ్ ద్వారా రోల్‌బ్యాక్‌తో (ఆన్‌లైన్ ఆలస్యం చేతికి తెలియకుండా చేసే పద్ధతి) టీమ్స్ ఆడే వీలుంది, అయితే మెలీలో చేతుల వేగం రావడానికే చాలాకాలం పడుతుంది కాబట్టి జోడీ ఆట నేర్చుకోవడం కోసమే దాన్ని మొదలుపెట్టమని చెప్పలేను.

వంతు పంచుకునేవి: ట్యాగ్ గేమ్స్

ఇక్కడ ఒక్కో జట్టు నుంచి ఒక్కరే పూర్తిస్థాయిలో ఆడతారు, రెండోవాళ్ళు బయట ఉండి అసిస్ట్‌గా (కాసేపు సాయానికి) వచ్చి వెళ్తారు లేదా ట్యాగ్ అయి (స్థానం మార్చుకుని) లోపలికి వస్తారు. పాతవాటిలో టెక్కెన్ ట్యాగ్ టోర్నమెంట్ 2, స్ట్రీట్ ఫైటర్ క్రాస్ టెక్కెన్ ఉన్నాయి, కన్సోళ్ళలో రెండూ 2012లో వచ్చినవే. రెంటిలోనూ నలుగురు మనుషులు చెరో క్యారెక్టర్ పట్టుకుని ఆడొచ్చు. ఇద్దరిలో ఏ ఒక్కరు పడిపోయినా రౌండ్ పోతుంది అన్న నియమం రెంటికీ ఉంది, ఆ నియమం నేర్పే పాఠం ఒక్కటే కానీ చాలా గట్టిది: ప్రాణం తగ్గగానే అహం పక్కన పెట్టి బయటికి వెళ్ళిపో. ఇప్పుడు వాటిలో ఆన్‌లైన్‌లో జనాన్ని వెతుక్కోవడం కష్టం కాబట్టి, స్నేహితులు నలుగురు ఒకచోట చేరినప్పుడు ఆడుకోవడానికి బాగుంటాయి.

ఇప్పుడు నడుస్తున్నది 2ఎక్స్‌కేఓ, లీగ్ ఆఫ్ లెజెండ్స్ అనే గేమ్ పాత్రలతో రయట్ కంపెనీ తీసింది, ఇదీ ఉచితమే. ఒక్కరే ఇద్దరు ఛాంపియన్లనీ (పాత్రలనీ) నడపొచ్చు, లేదా ఇద్దరు మనుషులు చెరొకణ్ణి తీసుకోవచ్చు. మ్యాచ్‌కి ముందు ఫ్యూజ్ అని ఒకటి ఎంచుకుంటారు, జట్టు ఏ తీరులో ఆడుతుందో అది నిర్ణయిస్తుంది. డబుల్ డౌన్ తీసుకుంటే ఒకరి సూపర్ (గేజ్ ఖర్చుపెట్టి వేసే పెద్ద దెబ్బ) మీద ఇంకొకరి సూపర్ కలపొచ్చు, సైడ్‌కిక్ తీసుకుంటే ఒకరు పూర్తిగా ముందుండి ఆడతారు, రెండోవాళ్ళు అసిస్ట్‌లతోనే సాయం చేస్తారు. ఈ సైడ్‌కిక్ గురించి చాలామంది చిన్నచూపు చూస్తారు గానీ, ఇద్దరిలో ఒకరు ఫైటింగ్ గేమ్స్‌కి పూర్తిగా కొత్త అయితే దీనికంటే మంచి ఏర్పాటు నేను చూడలేదు. కొత్తవాళ్ళు మొదట నేర్చుకోవాల్సింది ఎప్పుడు రావాలి అన్నదే, అది నేర్చుకుంటూ ఉన్నంతసేపూ ఓటమి భారమంతా వాళ్ళ నెత్తిన పడదు.

ట్యాగ్ గేమ్‌లో ఫ్రెండ్లీ ఫైర్ (సొంత జట్టుకే దెబ్బ తగలడం) గొడవ లేదు, స్థలం కోసం తోపులాట లేదు. మరి టీమ్‌వర్క్ ఎక్కడుంది? బయట ఉన్నవాళ్ళ కళ్ళలో ఉంది. లోపల ఆడుతున్నవాళ్ళకి తమ కాంబో, తమ గేజ్, తమ టెన్షన్ తప్ప వేరే కనిపించదు. బయట ఉన్నవాళ్ళకి తీరిక ఉంటుంది. "లేచిన ప్రతిసారీ దూకుతున్నాడు", "సూపర్ దాచుకున్నాడు" లాంటి మాటలు వాళ్ళే చెప్పాలి. మా ఇద్దరిలో నేను బయట ఉన్నప్పుడే జట్టు బాగా ఆడుతుందని మాకు కొన్ని వారాలకి తెలిసొచ్చింది, నేను చేతులతో కంటే కళ్ళతో ఎక్కువ ఉపయోగపడతాను. మీ ఇద్దరిలో ఎవరు అలాంటివాళ్ళో తెలుసుకోవాలంటే ఒక వారం ట్యాగ్ గేమ్ ఆడి చూడండి, తర్వాత వేరే గేమ్‌కి వెళ్ళిపోయినా ఆ సంగతి పనికొస్తుంది.

ప్రాణం పంచుకునేది: గండమ్ ఎక్స్‌ట్రీమ్ వర్సెస్

టీమ్‌వర్క్‌ని లెక్కగా నేర్పే గేమ్ ఒక్కటి చెప్పమంటే నేను దీన్నే చెప్తాను. జపాన్ ఆర్కేడ్‌లలో పుట్టిన సిరీస్, టూ-వర్సెస్-టూ కోసమే కట్టింది, బయటి దేశాలవాళ్ళకి తేలిగ్గా దొరికింది 2020లో ప్లేస్టేషన్ 4 మీద వచ్చిన మ్యాక్సీ బూస్ట్ ఆన్. ఇద్దరికీ కలిపి 6000 గేజ్. ప్రతి మొబైల్ సూట్‌కీ (మీరు నడిపే రోబోకి) ఒక కాస్ట్ ఉంటుంది: 3000, 2500, 2000, 1500. మీరు ఒకసారి పడిపోతే మీ సూట్ కాస్ట్ గేజ్‌లోంచి పోతుంది, గేజ్ సున్నా అయితే మీరు ఓడినట్టు.

వినడానికి సులువుగా ఉంది కదా, కాగితం మీద పెట్టి చూడండి. మీరు 3000, జోడీ 2500. ముందు 3000 పడింది, గేజ్‌లో 3000 మిగిలింది. మీరు నిండు ప్రాణంతో మళ్ళీ దిగారు. తర్వాత 2500 పడింది, మిగిలింది 500. ఆ సూట్ మళ్ళీ దిగుతుంది, కాకపోతే గేజ్‌లో దాని పూర్తి కాస్ట్ లేదు కాబట్టి కొద్దిపాటి ప్రాణంతోనే వస్తుంది. సరే, ఫరవాలేదు, బలమైన సూట్ రెండుసార్లు నిండుగా ఆడింది. ఇప్పుడు తిరగేయండి. ముందు 2500 పడింది, 3500 మిగిలింది. తర్వాత 3000 పడితే మిగిలింది అదే 500, కానీ ఈసారి కొద్దిపాటి ప్రాణంతో తిరిగొచ్చేది జట్టులో అన్నిటికంటే బలమైన సూట్. గేజ్‌లో అంకె ఒకటే, పడిన వరస మారింది, మ్యాచ్ చేజారింది.

అందుకే 2500 నడిపేవాళ్ళ మొదటి పని చంపడం కాదు, తమకంటే ముందు 3000 పడేదాకా బతికి ఉండటం. ఈ ఒక్క వాక్యం ఒంటపట్టడానికి నాకు చాలా మ్యాచ్‌లు పట్టాయి, ఎందుకంటే ఫైటింగ్ గేమ్ ఆడేవాళ్ళ స్వభావమే ముందుకెళ్ళడం. 3000 నడిపేవాళ్ళకి ఇంకో రకం కష్టం, మరీ జాగ్రత్తగా దూరంగా ఉంటే ఎదుటి ఇద్దరూ ఆ 2500 మీదే లాక్ (గురి) పెట్టి దాన్ని ముందు తీసేస్తారు. కాబట్టి తమ మీదకి చూపు తిప్పుకునేంత దూకుడు, పడిపోకుండా ఉండేంత జాగ్రత్త రెండూ కావాలి. మిగతా ఆటంతా లాక్ చుట్టూనే. జోడీని ఎవరైనా కాంబోలో పట్టుకుంటే మీ లాక్ వాడి మీదకి తిప్పి ఒక షాట్‌తో ఆ కాంబో తెంచడాన్ని ఆడేవాళ్ళు కట్ అంటారు, అది ఎంత త్వరగా వేస్తారు అన్నదే మంచి జోడీకీ మామూలు జోడీకీ తేడా.

కష్టం ఏంటంటే మొదటి కొన్ని వారాలు అసలేం జరుగుతోందో తెలియదు, తెర మీద నాలుగు దిక్కుల నుంచీ బీమ్‌లు వస్తుంటాయి. తొందరగా గెలుపు రుచి చూడాలనుకునే ఇద్దరికి ఇది వద్దు. ఓడిపోయాక కూర్చుని "మనం ఏ వరసలో పడ్డాం" అని మాట్లాడుకోగలిగే ఇద్దరికి మాత్రం దీన్ని మించింది లేదు.

ఇక్కడ మల్టీవర్సస్ గురించి ఒక మాట. టూ-వర్సెస్-టూనే ప్రధానంగా పెట్టుకుని తయారైన గేమ్ అది, 2022లో ఈవో అనే పెద్ద ఫైటింగ్ గేమ్స్ పోటీల్లో లక్ష డాలర్ల ప్రైజ్ పూల్‌తో జరిగిన దాని టూ-వర్సెస్-టూ టోర్నమెంట్‌ని వాయిడ్, నకాట్ గెలిచారు. ట్యాంక్, సపోర్ట్, అసాసిన్ అంటూ ప్రతి పాత్రకీ జట్టులో స్థానం ముందే రాసిపెట్టి ఉండేది, జోడీని తాడుతో లాక్కొచ్చి కాపాడే మూవ్‌లు ఉండేవి. 2025 మే 30న దాని ఆన్‌లైన్ ఆపేశారు, కాబట్టి ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టే దారి లేదు, నాకు అది నిజంగా బాధే. కానీ దాని పాత మ్యాచ్‌ల వీడియోలు చూస్తే, సపోర్ట్ ఆడేవాళ్ళు ఎక్కడ నిలబడతారో గమనించడానికి బాగా పనికొస్తాయి.

పద్ధతి: చెరొకణ్ణి పట్టుకోవడమా, ఇద్దరూ ఒకడి మీద పడటమా?

గేమ్ ఏదైనా స్థూలంగా మూడు తీరులు ఉంటాయి. చెరొకణ్ణి పట్టుకుని రెండు వన్-వర్సెస్-వన్‌లుగా ఆడటం, ఇద్దరూ కలిసి ఒకణ్ణి ముందు తీసేయడం, ఒకరు ముందు ఒకరు వెనక నిలబడటం. కొత్త జోడీలన్నీ మొదటిదానితో మొదలుపెడతాయి, ఎందుకంటే మాట్లాడుకోనక్కర్లేదు. ఇద్దరూ ఎదుటివాళ్ళకంటే బాగా ఆడితే అది చాలు కూడా. ఇబ్బంది ఎప్పుడంటే మీలో ఒకరు ఓడిపోవడం మొదలైనప్పుడు, ఇంకొకరికి ఆ సంగతే తెలియదు, తలెత్తి చూసేసరికి ఎదురుగా ఇద్దరు ఉంటారు.

రెండోది, ఒకడి మీద ఇద్దరు పడటం, సరిగ్గా చేస్తే అన్నిటికంటే బలమైంది, తప్పుగా చేస్తే అన్నిటికంటే దారుణం. ఇద్దరూ ఒకే వైపు నుంచి వెళ్తే ఇద్దరూ ఒకే దెబ్బకి పడతారు. చెరో పక్క నుంచి, లేదా ఒకరు కింద ఒకరు పైన వెళ్ళాలి. ఇంకా ముఖ్యం, ఇద్దరూ ఒకేసారి కొట్టకూడదు. ఒకరి దెబ్బ ముగిసే చోట ఇంకొకరి దెబ్బ మొదలవ్వాలి. మేము పెట్టుకున్న నియమం ఇది: ముందు తాకినవాళ్ళదే ఎదుటివాడు. రెండోవాళ్ళు ఆ కాంబోలో వేలు పెట్టకుండా, కాపాడటానికి వచ్చే రెండో శత్రువుకి అడ్డంగా నిలబడాలి. "వాడు నా చేతిలోనే ఉన్నాడు కదా" అన్న మాటకి మేము వెతుక్కున్న జవాబు ఇదే. మొదట్లో చేతులు కట్టేసినట్టు ఉంటుంది, ఏమీ చెయ్యకుండా నిలబడ్డానేంటి అనిపిస్తుంది, కానీ రీప్లే చూస్తే ఆ నిలబడటం వల్లే కాంబో పూర్తయిందని కనిపిస్తుంది.

ముందు-వెనక తీరు ఇద్దరి స్వభావాలూ వేరైనప్పుడు బాగుంటుంది. దూరం నుంచి కొట్టే క్యారెక్టర్ ఒకటి, దగ్గరికెళ్ళి పట్టుకునేది ఒకటి. ఫ్రెండ్లీ ఫైర్ ఉన్న గేమ్‌లో పెద్ద కత్తుల క్యారెక్టర్లు ఇద్దరూ తీసుకోవద్దని నా సలహా, ఆ కత్తి వేట్లు సగం జోడీ వీపు మీదే పడతాయి. ఒకటి పెద్ద రేంజ్ ఉన్నది, ఇంకొకటి ఇరుకు చోట్లో పనిచేసేది ఉంటే తెర మీద ఎవరి జాగా వాళ్ళకి దొరుకుతుంది.

ఒక్క తీరే నేర్చుకునేంత సమయం ఉంటే ఏది? బ్రాల్‌హల్లా, స్మాష్‌లలో అయితే రెండోది, "ముందు తాకినవాళ్ళది" అన్న నియమంతో కలిపి. గండమ్‌లో అయితే మూడోది, అక్కడ కాస్టే మీకు స్థానాలు చెప్పేస్తుంది.

మాట: ఎంత, ఎలా

ఈ గేమ్స్ సెకనుకి 60 ఫ్రేముల మీద నడుస్తాయి. "నీ వెనకాల నుంచి వాడొస్తున్నాడు చూసుకో" అని పూర్తి వాక్యం అనడానికి దాదాపు రెండు సెకన్లు పడుతుంది, అంటే 120 ఫ్రేములు, ఆ లోపల వాడొచ్చి కొట్టి వెళ్ళిపోయి కూడా ఉంటాడు. "వెనక" అంటే చాలు. మేము ఇద్దరం ఒక పది మాటలు ఖాయం చేసుకున్నాం. వెనక, పైన, నాది, వదులు, వస్తున్నా, డాడ్జ్ పోయింది, ఆయుధం లేదు, చివరిది, ఆగు, కాపాడు. వాటి అర్థం ఇద్దరికీ ఒకటే కావడం ముఖ్యం, "వదులు" అంటే కాంబో వదిలెయ్యడమా, ఎదుటివాణ్ణి వదిలేసి రావడమా అని ఒకసారి మేము మ్యాచ్ మధ్యలో తికమకపడ్డాం, ఆ రాత్రే దాన్ని తేల్చుకున్నాం.

ఇంకో పోలిక ఇక్కడ చెప్పాలి, ఎందుకంటే జోడీలు విడిపోయేది ఎక్కువగా దీనివల్లే. కొందరు ఆజ్ఞలు ఇస్తారు: కొట్టు, దూకు, ఇటు రా. కొందరు సంగతి చెప్తారు: వీడి డాడ్జ్ పోయింది, నేను కుడివైపు ఉన్నాను, నా దగ్గర ఆయుధం లేదు. ఆజ్ఞలు తొందరగా ఫలితం ఇస్తాయి, ముఖ్యంగా ఒకరు బాగా కొత్త అయితే. కానీ ఆజ్ఞలు వినడం అలవాటైన మనిషి తనంతట తాను చూడటం మానేస్తాడు, తర్వాత మీరు నోరు మెదపని ప్రతి క్షణం వాడు కూడా ఆగిపోతాడు. నేను అక్కని కాబట్టి మొదట్లో ఆజ్ఞలే ఇచ్చాను, తమ్ముడు విన్నాడు కూడా, మా రేటింగ్ ఒకచోట ఆగిపోయింది. సంగతి చెప్పడానికి మారాక రెండు వారాలు ఇంకా దిగజారి, తర్వాత కదిలింది. ఆ రెండు వారాలు ఓర్చుకోవాలి.

పక్కా జోడీనా, ఎవరు దొరికితే వాళ్ళా?

ఆన్‌లైన్‌లో యాదృచ్ఛికంగా దొరికే జోడీతో ఆడటం వృథా అనేవాళ్ళు ఉన్నారు, నేను ఒప్పుకోను. తెలియనివాళ్ళతో ఆడితే మాట లేకుండా కళ్ళతోనే వాళ్ళ ఉద్దేశం చదవాల్సి వస్తుంది, వాళ్ళ అలవాటుకి మీరు సర్దుకోవాల్సి వస్తుంది. అది మంచి సాధన. కాకపోతే దానితో ఒక స్థాయి దాకానే వెళ్ళగలరు. జోడీని కొట్టి బతికించడం, స్టాక్ ఎప్పుడు ఇవ్వాలి, ఎవరు ముందు పడాలి లాంటివన్నీ ఒకే మనిషితో పదేపదే ఆడితేనే వస్తాయి. మెలీ డబుల్స్‌లో పేరున్న జట్లలో ఒకటైన ఆర్మడా, ఆండ్రాయిడ్ స్వీడన్‌కి చెందిన అన్నదమ్ములు, ఒకే ఇంట్లో పెరిగినవాళ్ళకి ఆ దగ్గరితనం ఎంత కలిసొస్తుందో వాళ్ళ పాత మ్యాచ్‌లు చూస్తే తెలుస్తుంది.

జోడీని ఎంచుకునేటప్పుడు నైపుణ్యం కంటే ముందు రెండు విషయాలు చూడండి: ఇద్దరికీ కుదిరే సమయం ఉందా, ఓడిపోయాక అరగంటలోపు మామూలుగా మాట్లాడుకోగలరా. అద్భుతంగా ఆడే మనిషి వారానికి ఒక్కరోజు దొరకడం కంటే, ఓ మాదిరిగా ఆడే మనిషి నాలుగు రోజులు దొరకడం చాలా మేలు.

సాధన ఎలా అంటే, మ్యాచ్‌లు మాత్రమే ఆడుతూ పోవడం అన్నిటికంటే నెమ్మదైన దారి. మాకు పనిచేసినవి రెండు. మొదటిది, మూడో స్నేహితుణ్ణి పిలిచి అతను ఒక్కడు, మేమిద్దరం, అదీ ఒకరినొకరం ఒక్కసారి కూడా కొట్టుకోకుండా అతన్ని తీసెయ్యాలి. కొట్టుకుంటే మళ్ళీ మొదటి నుంచి. ఇద్దరు ఒకణ్ణి ఓడించడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. తర్వాత తిరగేసి, ఒక్కొక్కరం వంతులవారీగా ఇద్దరి ముందు ఒంటరిగా నిలబడి నిమిషం పాటు బతకడం, కొట్టక్కర్లేదు, బతికితే చాలు. రెండోది రీప్లే. అందరూ తమ క్యారెక్టర్‌నే చూసుకుంటారు. మీరు మాత్రం మీరు పడిపోయిన ప్రతిసారీ ఆపి, ఆ క్షణంలో జోడీ ఎక్కడ ఉన్నాడో చూడండి, జోడీ పడిపోయినప్పుడు మీరెక్కడ ఉన్నారో చూడండి. కాగితం మీద రెండు గళ్ళు గీసి దగ్గర, దూరం అని లెక్కపెట్టండి. మా మొదటి పది రీప్లేల్లో దాదాపు అన్నీ దూరం గడిలోనే పడ్డాయి, తెరకి ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు.

చివరిగా తరచూ అడిగే సందేహం, ఇద్దరిలో ఒకరు చాలా బాగా ఆడతారు, ఇంకొకరు కొత్త, అప్పుడేం చెయ్యాలి అని. బాగా ఆడేవాళ్ళు తమ మెయిన్ క్యారెక్టర్ పక్కన పెట్టి, జోడీకి జాగా ఇచ్చే క్యారెక్టర్ తీసుకోవాలి. కొత్తవాళ్ళు ఒకే క్యారెక్టర్‌తో కనీసం నెలరోజులు ఉండాలి. గేమ్ అయితే 2ఎక్స్‌కేఓలో సైడ్‌కిక్, అది ఆడే పరికరం లేకపోతే బ్రాల్‌హల్లా. గండమ్ అప్పుడే వద్దు. స్మాష్ అయితే మొదటి వారం కొత్తవాళ్ళకి ఒక్కటే పని ఇవ్వండి, తాను బతికి ఉండి, జోడీ కాంబో వేస్తున్నప్పుడు రెండో శత్రువుని రానివ్వకుండా ఆపడం. ఎంతమందిని చంపారో ఆ వారం లెక్కే వద్దు, ఎన్ని కాంబోలు పూర్తి కానిచ్చారో లెక్కపెట్టండి.